వినేవాళ్ళు పుట్టేదాకా

పాట పుట్టిన ఊళ్ళు – 14
కలకత్తా, మూడో భాగం

తెలుగువాళ్ళ పాటకీ కలకత్తాకీ చుట్టరికం పాతదే. అటక మీద గ్రామఫోను ప్లేట్లు ఇంకా దాచుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక హెచ్‌ఎంవీ ప్లేటు దించి, కుక్కబొమ్మ చుట్టూ ఉన్న సన్నటి అక్షరాలు చదవండి. చాలావాటి మీద కలకత్తా పేరో డమ్‌డమ్ పేరో కనిపిస్తుంది. మన నాటకాల పద్యాలు ఎక్కడ పాడించినా అవి ప్లేట్లుగా తయారైంది అక్కడే. సి.పుల్లయ్య తీసిన ‘సతీ సావిత్రి’ (1933), ‘లవకుశ’ (1934) కూడా కలకత్తా ఈస్టిండియా ఫిలిం కంపెనీ వారివే. యముడి వేషంలో వేమూరి గగ్గయ్య గొంతు విప్పింది ఆ ఊరి స్టూడియోలోనే. ఇక ఎనభైల్లో, తొంభైల్లో గిటారు నేర్చుకుందామని సరదాపడ్డ మన కుర్రాళ్ళలో చాలామంది చేతికి వచ్చిన మొదటి వాయిద్యం గివ్‌సన్. అదీ కలకత్తా తయారీయే. అమెరికావాడి గిబ్సన్ పేరులో ఒక్క అక్షరం మార్చి దర్జాగా అమ్ముకున్నారు. తీగలు వేళ్ళను కోసేవి గానీ, ధర మాత్రం జేబును కోసేది కాదు.

గత రెండు భాగాల్లో, 1902లో గౌహర్ జాన్ పాట చివర తన పేరు ఇంగ్లీషులో చెప్పుకున్న దగ్గర్నుంచి, గ్రాండ్ హోటల్లో జాజ్ పియానో వాయించిన నల్లజాతి అమెరికన్ టెడ్డీ వెదర్‌ఫర్డ్ 1945లో కలరా సోకి ఆ ఊళ్ళోనే చనిపోయినదాకా వచ్చాం. ఈసారి చెప్పుకోబోయేది ఒక ఓడిపోయిన బ్యాండు కథ. మూడు ప్లేట్లు, వాటిలో కలిపి ఎనిమిది పాటలు, వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గ కచేరీలు. 1981 నాటికి ఎవరి దారి వాళ్ళది. కలకత్తాలో ఇవాళ గిటారు పట్టిన ప్రతి కుర్రాడూ ఆ బ్యాండు పేరు చెప్పి మొదలుపెడతాడు. ఓడినవాళ్ళు గెలిచినట్టు లెక్క ఎప్పుడు మారిందో చూడాలంటే ముందు వాళ్ళు ఏ వీధిలోంచి వచ్చారో చూడాలి.

ఆ వీధి పార్క్ స్ట్రీట్. చౌరంగీ రోడ్డు నుంచి అందులోకి మళ్ళితే ట్రింకాస్, మొకాంబో, బ్లూ ఫాక్స్, మూలాన్ రూజ్, మాగ్నోలియా, స్కై రూమ్ అన్నీ నాలుగడుగుల దూరంలో ఉండేవి. యాభైల్లో మొదలై డెబ్భైల తొలి ఏళ్ళదాకా వీటిలో చాలాచోట్ల రాత్రి భోజనంతో పాటు బ్యాండు ఉండేది. మొకాంబోలో పామ్ క్రెయిన్ పాడేది. బ్లూ ఫాక్స్‌లో లూయీ బ్యాంక్స్ పియానో. డార్జిలింగ్ కొండల నుంచి దిగివచ్చిన ఈయనే తర్వాత బొంబాయి చేరి దేశంలో జాజ్‌కి పెద్దదిక్కయ్యాడు. కార్ల్‌టన్ కిట్టో అనే గిటారిస్టు జాజ్ తప్ప మరోటి వాయించనని భీష్మించుకుని, ఆఖరుదాకా కలకత్తా వదల్లేదు. ట్రింకాస్ అసలు ట్రింకా అనే స్విట్జర్లాండ్ పెద్దమనిషి టీ దుకాణం. 1959లో ఓం ప్రకాశ్ పూరీ, ఎల్లిస్ జోషువాల చేతికి వచ్చాక పాటల కొట్టయింది. బెంగుళూరు కుర్రాడు బిడ్డూ అరవైల్లో తన ట్రోజన్స్ బ్యాండుతో ఇక్కడ వాయించి, తర్వాత లండన్ వెళ్ళిపోయాడు. 1974లో ప్రపంచమంతా గంతులేసిన ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ పాట వెనకున్న బిడ్డూ ఈయనే.

1969లో అదే ట్రింకాస్‌కి ఒక తమిళ పిల్ల వచ్చింది. అంతకుముందు మద్రాసు మౌంట్ రోడ్డులో సఫైర్ థియేటర్ ఆవరణలో నైన్ జెమ్స్ అనే చోట పాడేది. నైట్‌క్లబ్బు గాయని అంటే జనం కళ్ళకు ఒక రూపం కట్టి ఉన్న రోజులు. ఆమె కంచిపట్టు చీర కట్టి, నుదుట పెద్ద బొట్టు పెట్టి, జడలో పూలు తురుముకుని మైకు ముందు నిలబడి ఇంగ్లీషు పాప్ పాటలు పాడింది. గొంతేమో మగవాళ్ళు కూడా ఈర్ష్యపడేంత బరువు. అప్పటికి ఆమె ఉషా అయ్యర్. కాబోయే భర్త జానీ ఉతుప్ పరిచయమైందీ ట్రింకాస్‌లోనే. ఉషా ఉతుప్ పేరు ఈ కథలో మళ్ళీ వస్తుంది, అదీ కోర్టు మెట్ల మీద.

ఈ వైభవం గురించి రాసేవాళ్ళంతా కన్నీళ్ళు పెట్టుకుంటారు. నాకు మాత్రం ఒక సందేహం ఉంది. పార్క్ స్ట్రీట్‌లో గొప్ప అంటే రికార్డులో ఎలా ఉందో అలా వాయించడం. ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డుల దుకాణాలుండేవి. ఓడల్లో వచ్చినవీ, దొరలు వదిలి వెళ్ళినవీ అక్కడ తేలేవి. బీటిల్స్ కొత్త పాట దొరికితే దాన్ని అరిగేదాకా విని, ఒక్కొక్క స్వరం పట్టి, శనివారం రాత్రికల్లా దించేసేవారు. దించడం చిన్న విద్యేమీ కాదు. ఆ చెవులూ ఆ వేళ్ళూ నిజంగా గొప్పవి. కానీ ఆ పాటల్లో కలకత్తా లేదు. ట్రాము లేదు, వాన లేదు, రేషన్ క్యూ లేదు. సిమ్లా సిగరెట్టు తరఫున ఇంపీరియల్ టొబాకో కంపెనీ నడిపిన ‘సిమ్లా బీట్’ పోటీల వల్ల 1970లో ఒకటి, 1971లో ఒకటి ఎల్పీలు వచ్చాయి. దేశం నలుమూలల కాలేజీ బ్యాండ్లు వాటిలో ఉన్నాయి. పాత రికార్డులు సేకరించే విదేశీయులు ఇవాళ వాటికోసం పడిచస్తారు. కంపెనీ ప్రధాన కార్యాలయం కలకత్తాలోనే. ఆ ఎల్పీల్లో కుర్రాళ్ళు సొంత పాటలూ కట్టారు, బాగా కట్టారు కూడా. అవీ ఇంగ్లీషులోనే.

సరిగ్గా అదే కాలంలో జరిగిన ఒక చిత్రం చెప్పాలి. 1967 డిసెంబరు 27న అమెరికాలో బాబ్ డిలాన్ ‘జాన్ వెస్లీ హార్డింగ్’ విడుదలైంది. అట్ట మీద నలుపు తెలుపు ఫొటో. చలికోటు వేసుకున్న డిలాన్‌కి చెరోపక్క ఇద్దరు నిలబడి ఉంటారు. వాళ్ళు ఊరూరా తిరిగి పాడే బెంగాలీ బావుల్ గాయకులు, అన్నదమ్ములు పూర్ణదాస్, లక్ష్మణ్ దాస్. డిలాన్ మేనేజరు ఆల్బర్ట్ గ్రాస్‌మన్ వీళ్ళను అమెరికాకి పిలిపించి, న్యూయార్క్ రాష్ట్రంలో వుడ్‌స్టాక్ దగ్గరి తన ఇంట్లో ఉంచుకున్నాడు. అక్కడికి దగ్గర్లోనే బిగ్ పింక్ అనే ఇంట్లో డిలాన్ తోడువాయిద్యగాళ్ళు, తర్వాత ‘ది బ్యాండ్’ పేరుతో ప్రసిద్ధులైనవాళ్ళు ఉండేవారు. ఆ ఇంటి నేలమాళిగలో బావుల్ పాటల్ని వాళ్ళలో ఒకడైన గార్త్ హడ్సన్ టేపుకెక్కించాడు కూడా.

అంటే కలకత్తా కుర్రాళ్ళు పార్క్ స్ట్రీట్‌లో కూర్చుని డిలాన్‌ని దించుకుంటున్నప్పుడు, డిలాన్ ఏమో బీర్‌భూమ్ నుంచి వచ్చినవాళ్ళ పక్కన నిలబడి ఫొటో దిగుతున్నాడు. ఏక్‌తారా మీటుతూ లోకల్ రైళ్ళలో పాడి చిల్లర అడుక్కునే బావుల్‌ని ఈ కుర్రాళ్ళు రోజూ చూస్తూనే ఉండాలి. చూశారు, వినలేదు.

విన్నవాడు ఒకడు ఆ గుంపులోనే ఉన్నాడు. గౌతమ్ చట్టోపాధ్యాయ్. స్నేహితులకు మణిదా. ఇల్లు దక్షిణ కలకత్తాలో నాక్తలా. చదువు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజియాలజీ. అరవైల్లో ఆంగ్లో ఇండియన్ మిత్రులతో కలిసి ‘ది అర్జ్’ అనే బ్యాండులో పార్క్ స్ట్రీట్ రెస్టారెంట్లలో వాయించాడు. గిటారు, డ్రమ్స్, శాక్సఫోన్, ఏదిచ్చినా వాయించేవాడు.

1967 మే నెలలో ఉత్తర బెంగాల్ పల్లె నక్సల్‌బరిలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలకన్నా పోస్టర్లు ఎక్కువైన సంగతి మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. ఆ నిప్పే శ్రీకాకుళం కొండల్లోనూ రాజుకుంది. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథతో గిరిజన గూడేలను కదిలించి, 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. గౌతమ్ కూడా ఆ ఉద్యమంలో దిగాడు. పట్టుబడ్డాడు, జైల్లో చిత్రహింసలు పడ్డాడు, ప్రాణాలతో బయటపడ్డాడు. బెంగాల్లో ఉండకూడదన్న షరతు మీద వదిలారు. భోపాల్, జబల్‌పూర్‌లలో మెడికల్ రిప్రజెంటేటివ్‌గా మందుల సంచీ పట్టుకు తిరిగాడు.

ఆ ఏళ్ళలోనే కలకత్తా పేరు రాక్ సంగీత ప్రపంచంలో మార్మోగిపోయింది. తూర్పు పాకిస్తాన్ నుంచి సరిహద్దు దాటిన శరణార్థులు కోటికి చేరారు. సాల్ట్ లేక్ బీళ్ళలో గుడారాలు వెలిశాయి. డ్రైనేజీ కోసం తెచ్చిన సిమెంటు తూముల్లో సంసారాలు నడిచాయి. వాళ్ళకోసం రవిశంకర్ అడగ్గా జార్జ్ హారిసన్ 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒకేరోజు రెండు కచేరీలు పెట్టాడు. డిలాన్, క్లాప్టన్, రింగో స్టార్ వచ్చారు. అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లారఖా తబలా. నలభై వేలమంది విన్నారు. ప్రపంచంలో సాయం కోసం జరిగిన పెద్ద రాక్ కచేరీల్లో అదే మొదటిది. ఆ కథ వివరంగా ఇంకో భాగంలో చెప్పుకుందాం.

ఇక్కడ మాత్రం పార్క్ స్ట్రీట్ దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. పాటల హోటళ్ళ మీద ప్రభుత్వం వినోదపు పన్ను బాదింది. యజమానులు లెక్కలు చూసుకుని బ్యాండు మానేసి భోజనం ఉంచుకున్నారు. కరెంటు కోత పెట్టినప్పుడల్లా ఆంప్లిఫయర్లు మూగబోయేవి. కలకత్తా వాళ్ళు ‘లోడ్‌షెడింగ్’ అన్న మాటను చెమటతో కలిపి పలకడం అప్పుడే నేర్చుకున్నారు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఆస్ట్రేలియాకో ఇంగ్లండుకో పెట్టెలు కట్టుకున్నాయి. వాయించేవాళ్ళలో ఒక వంతు అలా వెళ్ళిపోయారు, మరికొందరిని బొంబాయి సినిమా లాక్కుంది.

గౌతమ్ తిరిగొచ్చేసరికి ఊరు అలా ఉంది. 1975లో తమ్ముళ్ళు ప్రదీప్, విశ్వనాథ్, చుట్టాల్లో రొంజన్ ఘోషాల్, స్నేహితులు అబ్రహాం మజుందార్, తాపస్ దాస్, తపేశ్ బందోపాధ్యాయ్, తనతో కలిపి ఏడుగురయ్యారు. ఏడుగురం కదా అని మొదట ‘సప్తర్షి’ అన్నారు. కొన్నాళ్ళు ‘గౌతమ్ చటర్జీ బీఎస్సీ అండ్ సంప్రదాయ్’ అనీ నడిచింది. జాత్రా నాటక కంపెనీల పేర్లను వెక్కిరించే కలకత్తా హాస్యం అది. చివరికి రొంజన్ సూచించిన పేరు నిలిచింది: మొహీనేర్ ఘోడాగులి, అంటే మొహీన్ గుర్రాలు. జీవనానంద దాస్ ‘ఘోడా’ అనే కవితలో వెన్నెల్లో గడ్డి మేసే గుర్రాలవి. జీవనానంద 1954లో దక్షిణ కలకత్తాలోనే ట్రాము ఢీకొని కన్నుమూసిన కవి. ఆయన్ని బతికుండగా అర్థం చేసుకున్నవాళ్ళు తక్కువ. తర్వాత ఆరాధించనివాళ్ళు లేరు. పేరు పెట్టేటప్పుడు తమ జాతకం కూడా అదేనని ఆ ఏడుగురికి తోచి ఉండదు.

ఏడుగురి రిహార్సళ్ళూ నాక్తలా ఇంట్లోనే. గిటార్లు, డ్రమ్స్, బేస్, వేణువు, శాక్సఫోన్ ఉన్నాయి. అబ్రహాం పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్, పియానో చదువుకున్నవాడు. తాము చేసేదాన్ని వాళ్ళు ‘బావుల్ జాజ్’ అనేవారు. మాట వింటే అతుకుల బొంత అనిపిస్తుంది గానీ పాట వింటే అలా ఉండదు. 1977లో వచ్చిన మొదటి ప్లేటు పేరు ‘సంవిగ్న పాఖీకుల్ ఓ కొల్‌కాతా బిషయక్’. కలతపడ్డ పక్షుల గురించీ, కలకత్తా గురించీ అన్నమాట. అందులో ‘భేసే ఆసే కొల్‌కాతా’ అనే పాట ఉంది. ఎక్కడో దూరాన ఉన్నవాడికి మంచులోంచి ఊరు తేలుతూ వచ్చినట్టు, శివారు తెల్లవారుజాములు జ్ఞాపకం వచ్చినట్టు సాగుతుంది. గొంతు పెంచరు, డ్రమ్స్ మోగించరు. జబల్‌పూర్ లాడ్జి గదిలో మందుల సంచీ పక్కనపెట్టుకుని పడుకున్న మనిషి లేకపోతే ఈ పాట రాదని నా నమ్మకం.

అదే ప్లేటులో ‘హాయ్ భాలోబాసి’ ఇంకో రకం. తనకు ఇష్టమైనవన్నీ ఏకరువు పెడతాడు పాడేవాడు. వెన్నెల, పడవ, పికాసో, బున్యుయెల్, బీటిల్స్, డిలాన్, బీథోవెన్, రవిశంకర్, అలీ అక్బర్. ఆ జాబితా వింటుంటే అప్పటి కలకత్తా చదువుకున్న కుర్రాడి పుస్తకాల అర కళ్ళముందు కనబడుతుంది. అక్కడిదాకా బాణీ తేలిగ్గా ఊగుతుంది. అప్పుడు చేలల్లోనూ రేవుల్లోనూ చెమటోడ్చేవాళ్ళు గుర్తుకొస్తారు. ఇక ఏదీ బాగుండదు, ఏదీ రుచించదు. జైలు నుంచి వచ్చినవాడు నినాదం ఇవ్వలేదు. ఇష్టాలనూ వదులుకోలేదు. ఇష్టాలున్నందుకు సిగ్గుపడే మనసును దాచకుండా పాటలో పెట్టాడు. ఆ సిగ్గు పార్క్ స్ట్రీట్ పాటలో లేదు, పార్టీ పాటలోనూ లేదు. నా దృష్టిలో కలకత్తా రాక్ పుట్టింది ఈ పాటలోనే.

మన పక్క ఏం జరిగిందో పోల్చి చూడకుండా ఉండలేను. అదే నిప్పులోంచి వచ్చినవాళ్ళు ఇక్కడ గోచీ గొంగడి కట్టారు, డప్పు పట్టారు. 1972లో జననాట్యమండలి, గద్దర్. అటు ఉత్తరాంధ్రలో వంగపండు. వాళ్ళు పల్లె బాణీలోకి వెళ్ళారు, జనం లక్షల్లో వాళ్ళ దగ్గరికొచ్చారు. గౌతమ్‌కి ముందు గిటారు వచ్చింది, తర్వాత తుపాకీ రాజకీయం వచ్చింది, ఆ తర్వాత బావుల్ వచ్చాడు. మూడింట్లో దేన్నీ పారేయలేకపోయాడు. అందుకే ఆయన పాట ఎవరికీ పూర్తిగా చెందలేదు. విప్లవకారులకు అందులో విప్లవం చాలలేదు, చదువుకున్న మర్యాదస్తుల భద్రలోకానికి మర్యాద చాలలేదు. దిగంబర కవుల్నీ కలకత్తా హంగ్రీ కవుల్నీ పక్కపక్కన పెట్టి మనవాళ్ళు ఎన్నో వ్యాసాలు రాశారు. పాటల విషయంలో ఆ పోలిక ఎవరూ పెద్దగా తలపెట్టలేదు. మనకు అటువైపు చూపించడానికి బ్యాండు లేకపోవడమే కారణం కాబోలు. తెలుగు పాటకు సినిమా ఒక్కటే రాజమార్గంగా ఉండిపోయింది.

1978లో రెండో ప్లేటు, 1979లో మూడోది ‘దృశ్యమాన్ మొహీనేర్ ఘోడాగులి’. స్టార్ థియేటర్, రవీంద్ర సదన్, సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లలో కచేరీలు జరిగాయి. బెంగాలీ శ్రోతకు అప్పటికి పాట అంటే ఒకటి రవీంద్ర సంగీతం, రెండోది హేమంత ముఖర్జీ, మన్నాడే పాడే ఆధునిక గీతం, మూడోది ప్రజానాట్య సంఘం వారసత్వంగా వచ్చిన బృందగానం. ఈ మూడో కొమ్మకు మహామహుడు సలిల్ చౌదరి. మన ‘ఛైర్మన్ చలమయ్య’ (1974) సంగీతం కూడా ఆయనదే. మూడు గదుల్లో ఏ గదిలోనూ పట్టని ఈ పాట విని జనం నవ్వారు. కొందరికి కోపం కూడా వచ్చింది. రాష్ట్రంలో 1977 జూన్‌లో వామపక్ష ప్రభుత్వం వచ్చింది. కొత్త ప్రభుత్వపు సాంస్కృతిక వేదికల మీద తరచుగా వినబడిన మాట ‘అపసంస్కృతి’.

ఆ మాట దెబ్బ ఎలాంటిదో తెలియాలంటే ఉషా ఉతుప్ దగ్గరికి తిరిగి వెళ్ళాలి. 1983లో ప్రజాపనుల మంత్రి జతిన్ చక్రవర్తికి ఆమె పాట అపసంస్కృతిగా కనబడింది. ప్రభుత్వ హాళ్ళలో ఆమె కార్యక్రమం వద్దన్నారు. వంతెనలూ రోడ్లూ చూసుకోవాల్సిన శాఖకు పాటల పరీక్ష ఎవరు అప్పగించారో తెలియదు గానీ, ఆమె ఊరుకోలేదు. కలకత్తా హైకోర్టుకెక్కింది. గెలిచింది. కంచిపట్టు చీర కట్టి బొట్టు పెట్టుకున్న మనిషి సంస్కృతికి చేటు అని న్యాయస్థానంలో వాదించాల్సి వచ్చిన ప్రభుత్వ వకీలు అవస్థ తలుచుకుంటే జాలేస్తుంది. ఆమెకు 2011లో పద్మశ్రీ, 2024లో పద్మభూషణ్ వచ్చాయి.

మొహీన్ గుర్రాలకు కోర్టుకు వెళ్ళే అవకాశం కూడా దక్కలేదు. వాళ్ళను ఎవరూ నిషేధించలేదు. నిషేధించాలంటే ముందు ఎవరైనా వినాలి కదా. బతుకుతెరువులు పిలిచాయి. రొంజన్ బెంగుళూరులో ప్రకటనల రంగానికి, విశ్వనాథ్ అమెరికాకి. అబ్రహాం కలకత్తాలోనే పిల్లలకు వయొలిన్ పాఠాలు చెప్పుకుంటూ స్థిరపడ్డాడు. గౌతమ్ సినిమా తీశాడు. సంచార జాతుల బతుకు మీద తీసిన ‘నాగమతి’ (1983)కి ఉత్తమ బెంగాలీ చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. బావుల్ అఖాడాల చుట్టూ తిరిగాడు. పాటలు రాస్తూనే ఉన్నాడు గానీ బ్యాండు లేదు.

పదేళ్ళు గడిచాయి. 1992లో సుమన్ చట్టోపాధ్యాయ్ ‘తోమాకే చాయ్’ క్యాసెట్టు వచ్చింది. వాయిస్ ఆఫ్ అమెరికాలోనూ జర్మనీ రేడియోలోనూ పనిచేసి వచ్చిన పాత్రికేయుడు. ఒక్కడే గిటారు పట్టుకు కూర్చుని తన ఊరి వీధుల్నీ తన పొద్దుల్నీ మామూలు మాటల్లో పాడాడు. క్యాసెట్టు విరగబడి అమ్ముడుపోయింది. వెనకే అదే దారిలో పాడుతూ నచికేత, అంజన్ దత్ వచ్చారు. మర్యాదస్తుల ఇళ్ళలోనూ గిటారు మోగడం మొదలైంది. ఇంకో సంగతి కూడా జరిగింది. కేబుల్ వచ్చింది, ఎంటీవీ వచ్చింది. ప్రెసిడెన్సీలో, జాదవ్‌పూర్‌లో చదివే పిల్లలకు గిటారు, డ్రమ్స్ పరాయి వస్తువులు కాకుండా పోయాయి. అయితే వాళ్ళ భాషలో వాళ్ళు పాడుకోవడానికి పాట కావాలి. వెతుక్కుంటుంటే ఎవరి నాన్న అలమరలోనో ఎవరి అన్నయ్య జ్ఞాపకంలోనో ఈ పాటలు దొరికాయి. కాలేజీ కాంటీన్లలో బల్లల మీద దరువేస్తూ పాడుకున్నారు. ఎవరు రాశారో తెలియకుండానే పాడుకున్నారు.

1995లో కలకత్తా పుస్తకాల సంతలో ఒక క్యాసెట్టు అమ్మకానికి వచ్చింది: ‘ఆబార్ బొఛోర్ కుడి పొరే’. ‘మళ్ళీ ఇరవై ఏళ్ళకి’ అని. ఇదీ జీవనానంద మాటల్లోంచి ఎత్తుకున్నదే. పాటల క్యాసెట్టు పుస్తకాల సంతలో అమ్మడమేమిటి అని మనకనిపించవచ్చు. కలకత్తాలో అది సహజం. అక్కడ చిన్న పత్రికలు నడిపేవాళ్ళు చేతిసంచీల్లో ప్రతులు వేసుకొచ్చి సంతలో నిలబడి అమ్ముకుంటారు. గౌతమ్ బ్యాండును సరిగ్గా చిన్న పత్రిక నడిపినట్టే నడపదలచుకున్నాడు. క్యాసెట్టు మీద మొహీనేర్ ఘోడాగులి పేరు గాయకుల స్థానంలో ఉండదు, సంపాదకుల స్థానంలో ఉంటుంది. కొన్ని తమ పాతవి, కొన్ని కొత్తగా రాసినవి. పాడింది మాత్రం ఎక్కువగా కుర్రకారు. క్రాస్‌విండ్స్ వంటి కొత్త బ్యాండ్లకు చోటిచ్చాడు. తన పేరుతో మళ్ళీ వేదికెక్కి పాత బాకీ వసూలు చేసుకోవచ్చు. ఆ పని చేయకుండా, తన పేరును గొడుగులా పట్టి కిందికి పిల్లల్ని రమ్మన్నాడు. ‘ఝొరా సొమొయేర్ గాన్’, ‘మాయా’, ‘ఖ్యాపార్ గాన్’ అని వరసగా మరో మూడు సంకలనాలు వచ్చాయి.

ఈసారి కొన్నారు. కొన్న పిల్లల వయసు ఇరవై అటూఇటూ అనుకుంటే, బ్యాండు పుట్టినప్పుడే వాళ్ళూ పుట్టారు.

ఆ క్యాసెట్టులో అందరికీ ఎక్కేసిన పాట ‘పృథిబీటా నాకీ’. ప్రపంచం చిన్నదైపోతోందట, శాటిలైట్లూ కేబుళ్ళూ కలిసి దాన్ని డ్రాయింగు రూములోని డబ్బాలో బంధించాయట అని మొదలవుతుంది. ఇంట్లో కూర్చున్న వాళ్ళు ఒకరికొకరు ఎంత దూరమైపోయారో చెబుతుంది. 1995లో, కేబుల్ కనెక్షన్ ఇంకా కొత్తగా మెరుస్తున్నప్పుడు, ఆ మాట అనగలిగింది ఎంటీవీ చూసి పెరిగినవాడు కాదు, నలభై దాటిన పాత నక్సలైటు. నాలుగు తీగల్లో పట్టే బాణీ కనుక గివ్‌సన్ పట్టిన ప్రతివాడూ మొదట నేర్చుకునేదీ ఇదే అయింది.

1999 జూన్ 20న గౌతమ్ హఠాత్తుగా పోయాడు. అప్పటికి చంద్రబిందు, క్యాక్టస్ బ్యాండ్లు స్థిరపడ్డాయి. ఫాసిల్స్ మొదలైంది. భూమి అదే ఏడాది మొదలైంది. బెంగాలీ బ్యాండు అన్నది దుర్గాపూజ పందిళ్ళ కార్యక్రమాల్లో తప్పనిసరి అంశమైపోయింది. గౌతమ్ కొడుకు గౌరవ్ లక్ష్మీఛాడా బ్యాండులో డ్రమ్స్ వాయిస్తాడు. రొంజన్ 2020లో, తాపస్ దాస్ 2023 జూన్‌లో వెళ్ళిపోయారు. తాపస్‌ని అందరూ బాపీదా అనేవారు. క్యాన్సర్‌తో ఉండి కూడా, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే వేదికెక్కి పాడాడు. తాపస్ పోయిన ఆరువారాల తర్వాత, ఆగస్టు 6న, ఇక్కడ మన గద్దర్ పోయాడు. ఒకే కాలం కన్న ఇద్దరు, ఒకరి పాట ఒకరు విన్న దాఖలా నాకెక్కడా కనబడలేదు.

ఇక పార్క్ స్ట్రీట్. స్కై రూమ్ 1993లో మూతపడింది. ట్రింకాస్, మొకాంబో ఉన్నాయి. ట్రింకాస్‌లో సాయంత్రం పూట ఇప్పటికీ బ్యాండు వాయిస్తుంది. అడిగితే బెంగాలీ పాట కూడా పాడతారు.

‘పృథిబీటా నాకీ’ బాణీ మీలో చాలామందికి వేరే మాటలతో తెలుసు. 2006లో ‘గ్యాంగ్‌స్టర్’ సినిమాలో ‘భీగీ భీగీ’ అని వచ్చింది. సంగీత దర్శకుడు ప్రీతమ్ కలకత్తావాడే, గౌతమ్ చదివిన ప్రెసిడెన్సీలోనే చదివాడు. పాడినవాడు జేమ్స్, సరిహద్దుకు అవతలివాడు. ఢాకాలో ఆయన బ్యాండు పేరు నగర్ బావుల్. పేరులో బావుల్ అక్కడా దిగబడ్డాడు చూశారా. అయితే ఢాకాలో రాక్ నడిచిన తీరు పూర్తిగా వేరు. 1971లో ముక్తివాహినిలో తుపాకీ పట్టి పోరాడిన ఆజం ఖాన్ అనే కుర్రాడు, దేశం విడివడగానే స్నేహితులతో ‘ఉచ్చారణ్’ అనే బ్యాండు కట్టాడు. అతని పాటకు జనం ఇరవై ఏళ్ళు ఆగలేదు, ఇరవై రోజులు కూడా ఆగినట్టు లేరు. వచ్చే భాగంలో ఢాకా వెళదాం.